పాపసంకీర్తనం ఏ భాషలో చెప్పుకోవాలి? 1215 నుంచి మన దోహా దాకా

తపఃకాలం నడుస్తోంది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో మా రూముల్లో ఒకటే మాట వినపడుతుంది. "కన్ఫెషన్‌కి పోవాలని ఉంది గానీ ఫాదర్‌కి తెలుగు రాదు, మనకేమో ఇంగ్లీషు రాదు. ఇంటికెళ్ళాక చూద్దాంలే" అని. రెండేళ్ళకోసారి ఇంటికెళ్ళేవాళ్ళం మనం. ఆ నెల సెలవులో చెల్లి పెళ్ళి, బ్యాంకు పని, ఇంటి స్లాబు, ఆస్పత్రి. విచారణ గురువుల దగ్గరకెళ్ళే తీరిక ఉండదు, మళ్ళీ ఫ్లైట్ ఎక్కేస్తాం. అట్లా పదేళ్ళుగా పాపసంకీర్తనం లేకుండా ఉన్నవాళ్ళు మాలోనే ఉన్నారు. భాష రాకపోతే ఈ తలుపు మూసుకున్నట్టేనా అని మేము చాలా రోజులు మాట్లాడుకున్నాం, తెలిసిన గురువులను అడిగాం, దొరికింది చదివాం. చరిత్ర చూస్తే సంగతి వేరేలా ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగు పోస్టు, శుక్రవారం తీరిగ్గా చదవండి.

మన పోస్టులు చదివేవాళ్ళలో హిందూ, ముస్లిం అన్నలు కూడా ఉన్నారు కాబట్టి ముందు రెండు ముక్కలు. కతోలికులకు ఈస్టరు ముందు నలభై రోజులు తపఃకాలం. నుదుట విభూది పెట్టుకొని మొదలుపెడతాం. ఉపవాసం, ప్రార్థన, దానం. ఈ రోజుల్లో గురువు దగ్గర కూర్చొని చేసిన తప్పులు నోటితో చెప్పుకోవడమే పాపసంకీర్తనం. ఆయన దేవుని పేరున క్షమాపణ పలుకుతారు, ఒక ప్రాయశ్చిత్తం ఇస్తారు. ఎవరి సొమ్మైనా తిని ఉంటే తిరిగి ఇచ్చెయ్యమంటారు.

మొదట్లో ఇది ఇట్లా చాటుగా ఉండేది కాదు. తొలి శతాబ్దాల్లో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని కాదనడం లాంటి పెద్ద పాపాలకు అందరి ఎదుటా ప్రాయశ్చిత్తం. గోనె బట్ట, నెత్తిన బూడిద, సత్ప్రసాదం లేదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. పైగా అది జీవితంలో ఒక్కసారే దొరికేది. అందుకని చాలామంది చావు మంచం ఎక్కేదాకా వాయిదా వేసేవాళ్ళు. మన "ఇంటికెళ్ళాక చూద్దాంలే"కి అది తాత అన్నమాట.

ఆ కాలం కథ ఒకటి చెప్పుకోవాలి. 390లో థెస్సలోనిక పట్నంలో గొడవలు జరిగి రోము సేనాని ఒకడు చనిపోయాడు. కోపంతో చక్రవర్తి థియొడోసియస్ సైన్యాన్ని పంపి వేలమందిని చంపించాడు. మిలాను పీఠాధిపతి అంబ్రోసుగారు చక్రవర్తికి ఉత్తరం రాశారు, నువ్వు ప్రాయశ్చిత్తం చెయ్యందే నీ ఎదుట బలిపూజ చెయ్యలేనని. దేశాలేలే మనిషి రాచబట్టలు పక్కనపెట్టి, గుడిలో జనం మధ్య ఏడ్చి, కొన్ని నెలల తర్వాతే మళ్ళీ సత్ప్రసాదం అందుకున్నాడు. లేబరుకైనా, కంపెనీ ఓనరుకైనా ఇక్కడ వీఐపీ లైను లేదని మేము అంటుంటాం, అది ఈ కథను చూసే.

అప్పట్లో పెద్ద పాపులను తపఃకాలం మొదట్లో బూడిద పోసి బయట నిలబెట్టి, పవిత్ర గురువారం లోపలికి తీసుకునేవాళ్ళు. ఆ బూడిదే 11వ శతాబ్దం చివరికి అందరి నెత్తి మీదకూ వచ్చింది. ఇప్పుడు మనం విభూది బుధవారం అనేది అదే.

చాటుగా చెప్పుకునే పద్ధతి ఐర్లాండు సన్యాసుల నుంచి వచ్చింది. 6వ శతాబ్దంలో వాళ్ళు ఒకరి తప్పులు ఒకరికి ఏకాంతంగా చెప్పుకునేవాళ్ళు, ఎన్నిసార్లయినా. ఫలానా పాపానికి ఇన్ని రోజులు రొట్టె, నీళ్ళే అని లెక్క కట్టిన పుస్తకాలు కూడా రాసుకున్నారు. మన కంపెనీల్లో ఫైన్ల చార్టులాగా! కొలుంబాను లాంటి సన్యాసులు సొంత దేశం వదిలి, సముద్రం దాటి, ఇప్పటి ఫ్రాన్సు, ఇటలీ దాకా వెళ్ళారు. వాళ్ళతోపాటే ఈ పద్ధతీ వెళ్ళింది. వలసపోయినవాళ్ళు మోసుకెళ్ళిన ఆచారమే ఇవాళ ప్రపంచమంతా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1215 నవంబరులో రోములో 4వ లాతరాను మహాసభ జరిగింది. పిలిచింది మూడవ ఇన్నోసెంటు పోపుగారు. ఆ సభ చేసిన చట్టాల్లో 21వది అందరికీ తెలిసిందే. బుద్ధి తెలిసిన వయసు వచ్చిన ప్రతి ఒక్కరూ, ఆడా మగా అందరూ, ఏడాదికి ఒక్కసారైనా తమ గురువు దగ్గర పాపసంకీర్తనం చెయ్యాలి, ఈస్టరుకు సత్ప్రసాదం అందుకోవాలి. మన గుళ్ళలో మట్టల ఆదివారం ముందు కనపడే పొడుగు క్యూలకు మూలం ఇదే. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేసి, బతికున్నంతకాలం మఠంలో ప్రాయశ్చిత్తం చెయ్యమని పంపాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.

కానీ అదే సభ చేసిన 9వ చట్టాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఒకే పట్నంలో రకరకాల భాషలవాళ్ళు, రకరకాల ఆచారాలవాళ్ళు ఒకే విశ్వాసంతో కలిసి బతుకుతున్నచోట, వాళ్ళ వాళ్ళ ఆచారం ప్రకారం, వాళ్ళ వాళ్ళ భాషలో పూజలు, సంస్కారాలు జరిపే తగిన మనుషులను ఏర్పాటు చెయ్యడం పీఠాధిపతి పని అని అందులో ఉంది. గ్రీకులు, లాటిన్‌వాళ్ళు కలగలిసిన తూర్పు పట్నాల గొడవలు చూసి చేసిన చట్టం అది. చదువుతుంటే దోహాను చూసి రాసినట్టే ఉంటుంది మాకు. ఏడాదికోసారి రమ్మని ఆజ్ఞ వేసినవాళ్ళే, వచ్చేవాడి భాష తెలిసినవాణ్ణి పెట్టే బాధ్యత పైవాళ్ళ మీద పెట్టారు. సైటులో రూలు పెట్టి హెల్మెట్టు ఇవ్వకపోతే ఎట్లా? ఆ సంగతి వాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఆలోచించారు.

కన్ఫెషన్ పెట్టె సంగతి చిన్నగా చెప్పి ముందుకెళ్దాం. మిలానులో కార్లో బొరోమెయో అనే కార్డినల్‌గారు 1577లో గుడి కట్టడాల మీద ఒక పుస్తకమే రాశారు. గురువుకూ, చెప్పుకునేవాడికీ మధ్య అడ్డు ఎట్లా కట్టాలి, చిల్లులున్న ఇనుప రేకు ఎట్లా బిగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. మన స్పెసిఫికేషన్ పేపర్లు గుర్తొస్తాయి.

మన తెలుగువాళ్ళ దగ్గరకొస్తే, 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి వైపు నుంచి ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలకు వచ్చారు. కర్ణాటక మిషను అనేవాళ్ళు దాన్ని. అప్పట్లో మన లాటిన్ ఆచారంలో బలిపూజ లాటిన్‌లోనే, ఏ దేశమైనా సరే. 1960ల్లో రెండవ వాటికన్ సభ దాకా అంతే. కానీ పాపసంకీర్తనం లాటిన్‌లో కుదరదు కదా! రైతు తన గోడు లాటిన్‌లో ఎట్లా చెప్తాడు? అందుకని విదేశీ గురువు ముందు తెలుగు నేర్చుకోవాల్సిందే. 1732లో మన దేశం వచ్చిన కేర్దూ అనే గురువు తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు తయారుచేశారు. సంస్కృతానికీ, లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని ముందుగా గుర్తించినవాళ్ళలో ఆయనొకరని పండితులు ఆయన పేరు చెప్పుకుంటారు. మాకు మాత్రం ఆయన తెలుగు మాటలు ఒక్కొక్కటీ రాసుకోవడమే పెద్ద సంగతి. పూజ వినడానికి భాష రాకపోయినా గడుస్తుంది. పాపం వినడానికి గడవదు.

1773లో పోపుగారు యేసుసభను రద్దు చేశారు. మన ప్రాంతాల్లో గురువులు కరువయ్యారు. చాలా కుటుంబాలు రాయలసీమ నుంచి తూర్పుకు, గుంటూరు వైపుకు వలసపోయాయి. గురువు ఎప్పుడో ఒకసారి వస్తే అదే పండుగ. ఊళ్ళల్లో మన చిన్నప్పటి దాకా ఆ వాసన ఉండేది. ఫాదర్ వస్తున్నారంటే ఉపదేశి ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. వేపచెట్టు కింద కుర్చీ, ముసలమ్మలు ముందు, మగవాళ్ళు చివర. పూజ ఆలస్యమైనా సరే, ఆ క్యూ అయ్యేదాకా గంట కొట్టేవాళ్ళు కాదు.

ఇక గల్ఫు. ఇక్కడ చర్చి కొత్తది అనుకుంటాం. 7వ శతాబ్దంలో ఈ తీరాన్ని బేత్ ఖత్రాయె అనేవాళ్ళు. ఇప్పటి ఖతార్, దాని చుట్టుపక్కల తీరం అన్నమాట. ఇక్కడ సిరియా భాషలో ప్రార్థించే క్రైస్తవులు ఉండేవాళ్ళు. ఇక్కడే పుట్టిన ఇస్సాకు అనే సన్యాసి ఇరాకు వైపు వెళ్ళి నినెవె పీఠాధిపతి అయ్యాడు. ఐదు నెలలకే పదవి వదిలి కొండల్లో ఒంటరిగా బతికాడు. పశ్చాత్తాపం గురించి, దేవుని దయ గురించి ఆయన రాసినవి ఇవాళ్టికీ చదువుతున్నారు. 2024లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయన పేరును రోము పునీతుల పట్టికలో చేర్పించారు. మనం ఎండలో సెంట్రింగు కొట్టే నేల మీద పుట్టినవాడాయన.

ఆ తర్వాత చాలా శతాబ్దాలు ఖాళీ. చమురు వచ్చాక మళ్ళీ మొదలైంది. బహ్రెయిన్‌లో రాజుగారు ఇచ్చిన స్థలంలో తిరుహృదయ దేవాలయం కట్టి, 1939 క్రిస్మస్‌కు మొదటి పూజ చేశారు. అబుదాబిలో 1965, దుబాయిలో 1967. దోహాలో అయితే 2008 మార్చి దాకా కతోలిక గుడి లేదు. అమీరుగారు ఇచ్చిన స్థలంలో జపమాల మాత గుడి కట్టారు, బయట సిలువ గానీ గంట గానీ లేకుండా. ప్రారంభించడానికి రోము నుంచి వచ్చిన కార్డినల్ ఐవన్ దియాస్‌గారు మన ముంబాయి మనిషి. అది కూడా తపఃకాలమే, మట్టల ఆదివారం ముందు రోజులు.

ఇక్కడ మన ఆదివారం శుక్రవారానికి మారిపోయింది. మెస్సులో చికెన్ బిర్యానీ వండేదీ శుక్రవారమే, తపఃకాలంలో మాంసం మానేదీ శుక్రవారమే. మాలో కొందరు పప్పు, పెరుగుతో సరిపెట్టుకొని సనయ్య నుంచి బస్సెక్కుతారు.

2020 తపఃకాలం గుర్తుందా? మార్చి నెలలో సనయ్యను మూసేశారు, గుళ్ళూ మూతపడ్డాయి. అప్పుడు రోము నుంచి ఒక ప్రకటన వచ్చింది. గురువు దగ్గరకు వెళ్ళే దారి లేనివాళ్ళు దేవుని మీద ప్రేమతో నిజంగా పశ్చాత్తాపపడి, వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తామని గట్టిగా అనుకుంటే క్షమాపణ ఉంటుందని. కొత్త సిద్ధాంతం కాదు, పాతదే. ఇందులో మనవాళ్ళు మర్చిపోయేది "వీలైన వెంటనే" అనే మాట. దారులు తెరుచుకొని ఏళ్ళయింది.

వాట్సాప్‌లో ఊరి ఫాదర్‌కి చెప్పుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. సలహా అడగొచ్చు, ప్రార్థించమని చెప్పొచ్చు, పాపసంకీర్తనం మాత్రం ఫోన్లో చెల్లదు. ఎదురుగా ఉండాలి.

మరి తెలుగు గురువు లేనిచోట? 1983 ధర్మశాస్త్రంలో 990వ నిబంధన చూడండి. మధ్యవర్తిని, అంటే భాష మార్చి చెప్పే మనిషిని పెట్టుకొని కూడా పాపసంకీర్తనం చెయ్యొచ్చు. అతను విన్నది ఎవరికీ చెప్పకూడదని 983లో ఉంది, చెప్తే శిక్ష కూడా ఉంది. అయినా రూమ్మేటు ముందు చెప్పుకోలేం అంటారా, అదీ నిజమే. అప్పుడు ఇంకోటి ఉంది. కావలసింది పెద్ద కథ కాదు. పెద్ద పాపాలయితే అవి ఏమిటి, ఎన్నిసార్లు, అంతే. నాలుగు ఇంగ్లీషు మాటలో, హిందీ మాటలో చాలు. మా దగ్గర ఒక తమ్ముడు చిన్న కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకోకుండా, తనే ఫోన్లో మాటలు వెతికి తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. చదివి, క్షమాపణ అందుకొని, బయటికొచ్చి కాగితం చింపేశాడు. మొత్తం ఐదు నిమిషాలు పట్టింది.

ఏ గురువు దగ్గరకైనా వెళ్ళే స్వేచ్ఛ కూడా ఉంది, 991వ నిబంధన. మట్టల ఆదివారం ముందు వారం చాలా గుళ్ళలో ఎక్కువమంది గురువులు కూర్చుంటారు. ఏ భాషల్లో వింటారో గుడి ఆఫీసులో ముందే అడగండి. తెలుగు లేకపోతే, మేము ఇంతమందిమి ఉన్నాం, ఒక తెలుగు గురువును పిలిపించండని పేర్లు రాసి ఇవ్వండి. మా క్యాంపు నుంచి పేర్లు రాసే నోట్‌బుక్కు సి బ్లాకు కిచెన్ పక్కన రూములో ఉంది, వచ్చే గురువారం రాత్రి దాకా.