తప్పొప్పుల పట్టిక

"అచ్చుయంత్రం వచ్చింది, అజ్ఞానం పోయింది" అనే మాట మన హేతువాద సభల్లో తరచూ వింటుంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. ఆ ఊపులోనే రెండేళ్ల క్రితం ఒక సమావేశంలో, గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుణ్ణి, పుస్తకం రాసిన నేరానికి గోవాలో మతవిచారణ సంస్థ సజీవంగా తగలబెట్టిందని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తీరా తర్వాత చదివితే నేను చెప్పింది తప్పని తేలింది.

అసలు మన దేశంలో అచ్చుపని ఎలా మొదలైందో చూడండి. 1556లో గోవాలో దిగిన మొదటి యంత్రం మనకోసం బయల్దేరింది కాదు. ఇథియోపియాకు పోయే జెసూట్ మతగురువుల వెంట పోర్చుగల్‌లో ఓడెక్కింది. వాళ్ల పెద్ద గోవా దాటి వెళ్లలేకపోయాడు, యంత్రమూ అక్కడే ఉండిపోయింది. సెయింట్ పాల్ కళాశాలలో దాన్ని నిలబెట్టి పని మొదలుపెట్టారు. మొదట అచ్చయినవి వేదాంత చర్చల కాగితాలు, మతబోధ పుస్తకాలు. అంటే యంత్రం వచ్చింది మతం కోసమే. ఇందులో దైవసంకల్పమూ లేదు, జ్ఞానోదయమూ లేదు. ప్రయాణం మధ్యలో ఆగిపోవడమే కారణం.

ఆ పని ఎంత ఓపికతో కూడిందో ఈ తరానికి తెలియదు. సీసంలో కొంత యాంటిమొనీ, తగరం కలిపి అక్షరాలు పోత పోస్తారు. అద్దంలో కనబడేటట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చాలి. పంక్తులు కదలకుండా చట్రంలో బిగించాలి. సిరా అద్ది, తడి కాగితం పరిచి, మర తిప్పి నొక్కాలి. కావలసినన్ని ప్రతులు తీశాక అక్షరాలు విడదీసి మళ్లీ అరల్లో వెయ్యాలి. ఎందుకంటే తర్వాతి పేజీలకు అవే కావాలి. అలా విడదీసేశాక పేజీలో తప్పు కనబడితే ఏం చెయ్యాలి? మళ్లీ అంతా పేర్చి, కాగితం దండగ చేసుకోవాలి. లేదా పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వెయ్యాలి.

1563లో అదే గోవాలో జోవాం ద ఎండెం అనే ముద్రాపకుడు ఓర్తా పుస్తకం అచ్చువేశాడు. మన దేశపు మూలికలు, మందుల మీద సంభాషణల రూపంలో రాసిన గ్రంథం అది. 1534లో ఇక్కడికి వచ్చిన ఓర్తా తాను చూసిందీ, స్థానిక వైద్యుల దగ్గర విన్నదీ రాశాడు. కలరా రోగి లక్షణాలు దగ్గరుండి గమనించి వర్ణించాడు. ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పినదానికి తన కళ్లు చూసింది విరుద్ధంగా ఉంటే కళ్లనే నమ్మాడు. అలాగని అతణ్ణి మన సంఘ సభ్యుణ్ణి చెయ్యకండి. మేక కడుపులో దొరికే రాయి విషానికి విరుగుడని అతనూ నమ్మాడు.

ఆ పుస్తకంలో అచ్చుతప్పులు లెక్కలేనన్ని. చివరి తప్పొప్పుల పట్టికే దాదాపు 20 పేజీలు! నవ్వొస్తుంది గానీ, నాకు ఆ పట్టిక మీద గౌరవం. నేను రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అక్కడ అంకె తప్పు పడితే గీకి చెరపడానికి వీల్లేదు. గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పొడి సంతకం పెట్టాలి. దిద్దుబాటుతోపాటు తప్పు కూడా కనబడుతూ ఉండాలి. లెక్కకు నమ్మకం అక్కడే పుడుతుంది.

ఇక జరిగిన సంగతి. గోవాలో మతవిచారణ 1560లో మొదలైంది. ఓర్తా 1568లో మామూలుగానే చనిపోయాడు. మరుసటి ఏడు అతని చెల్లెలు కతరీనాను తగలబెట్టారు. 1580లో అతని ఎముకలు తవ్వి తీసి వాటినీ తగలబెట్టారు. క్రైస్తవం తీసుకున్నా రహస్యంగా యూదు మతం పాటించారన్నది అభియోగం. పుస్తకం ఊసు అందులో లేదు. ఈలోగా 1567లోనే ఆంట్వెర్ప్‌లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ గ్రంథాన్ని సంగ్రహించి లాటిన్‌లో అచ్చువేయించాడు. ఎముకలు బూడిదయ్యాయి గానీ, గమనించి రాసిన విషయాలు ఖండాలు దాటిపోయాయి.

నిజం ఇంత దారుణంగా ఉంటే దానికి నేను మసాలా ఎందుకు కలిపాను? నా వాదానికి అనువుగా ఉందని! భక్తులు పుక్కిటి పురాణాలు చెబుతారని నవ్వే మనం చేసే పనేనా ఇది?

యంత్రం ఎవరి పక్షమూ కాదు. మతబోధా అచ్చువేస్తుంది, మందుల పుస్తకమూ అచ్చువేస్తుంది, ఏటా పంచాంగాలూ అచ్చువేస్తుంది. తేడా చివరి పేజీల్లో ఉంటుంది. దేవుడి మాట అని చెప్పుకునే పుస్తకానికి తప్పొప్పుల పట్టిక ఉండదు. మన ఉపన్యాసాలకు ఉండితీరాలి. నాది ఇదిగో:

తప్పు: పుస్తకం రాసినందుకు ఓర్తాను సజీవంగా తగలబెట్టారు.

ఒప్పు: చనిపోయిన పన్నెండేళ్లకు, మతం పేరు మీద, అతని ఎముకలను తగలబెట్టారు.