తైలముల ఉష్ణభంజనము: ఆముదము చూపిన త్రోవ

వృక్షతైలములను గాలి సోకనీయక తీవ్రముగా కాచి, వాని దీర్ఘాణువులను తునియలు గావించి, ఇంధనములను రసాయనములను రాబట్టు విద్య నిన్న మొన్నటిది కాదు. 1888లో జర్మనీయందు కార్ల్ ఎంగ్లర్ చేపనూనెను పీడనమున కాచి కిరసనాయిలును బోలిన ద్రవమును పడసినప్పుడు ఆయన కోరినది ఇంధనము గాదు. భూగర్భమున పెట్రోలియము జీవపదార్థములనుండి పుట్టినదన్న తన సిద్ధాంతమునకు నిదర్శనము.

ఆ విద్య ప్రాణావసరమైనది చైనాలో. 1937లో మొదలైన జపాను దండయాత్రచే తీరప్రాంతము శత్రువశమై పెట్రోలు దిగుమతి దుర్లభము కాగా, అచ్చటివారు తమ కొండలలో పండు టుంగ్ నూనెను సున్నముతో సబ్బుగా మార్చి, ఆ సబ్బును కాచి మోటారు ఇంధనమును తీసిరి. 1947లో ప్రకటితమైన లెక్క ప్రకారము 68 కిలోల సబ్బునుండి 50 లీటర్ల ముడితైలము లభించెను. యుద్ధానంతరము చౌక పెట్రోలు ముందు ఇట్టి తైలము నిలుచుట దుర్ఘటము. ఏలయన, సామాన్యమైన నూనె వేడికి ఎచ్చటబడిన అచ్చట విఱిగి, వాయువులు, పలుపొడవుల హైడ్రోకార్బనులు, ఇనుమును తినివేయు ఆమ్లములు కలగలిసిన మిశ్రమమునే ఇచ్చును. దానిని శుద్ధిచేయుటకు వ్యయము మెండు.

ఆముదము స్వభావమట్టిది గాదు. దానిలో నూటికి 85 పాళ్లకు తక్కువకాని రిసినోలిక్ ఆమ్లమునకు 18 కర్బనముల గొలుసు కలదు. అందు 9వ కర్బనముకడ ద్విబంధమును, 12వదానిపై హైడ్రాక్సిల్ సమూహమును ఉండుటచే, అది ముఖ్యముగా 11, 12 కర్బనముల నడుమనే విఱుగును. ఒక తునుక హెప్టాల్డిహైడు. వేఱొకటి అండిసిలెనిక్ ఆమ్లము. పందొమ్మిదవ శతాబ్దమునందే రసాయనజ్ఞులెఱిగిన ఈ విశేషమును 1950ల దశకమున ఫ్రాన్సు దేశీయులు మార్సెయ్ నగరమున మహాపరిశ్రమగా పెంచిరి. ఆముదమును మెథనాలుతో ఎస్టరుగా మార్చి, నీటియావిరితో కలిపి, 500 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున భంజింపగా వచ్చిన మొదటి తునుక మల్లెవాసన గల పరిమళద్రవ్యములకు, రెండవది తామరమందునకు, అంతకు మిన్నగా రిల్సాన్ అను నైలాన్‌కు మూలమైనది. మోటారుబండ్లలో పెట్రోలు పాఱు గొట్టములు పెక్కు ఆ నైలాన్‌తో చేసినవే. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో వానకోర్చి ఎండకోర్చి పండు ఆముదపు గింజకు ఇంతటి రసాయనగౌరవము కలదని మన రైతులకు చెప్పినవారెందరు?

1973 నాటి చమురు సంకటము పిమ్మట ఇంధనాన్వేషణ మరల ఊపందుకొన్నది. అమెరికాలోని ఉత్తర డకోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సోయా, కనోలా నూనెలను ఉత్ప్రేరకము లేకయే భంజించి, విమానేంధనమునకు తగిన భాగముతోపాటు, పూర్వులు దోషమని ఎంచిన పొట్టిగొలుసు ఆమ్లములను సైతము వేఱుచేసి, వానిని అమ్మదగిన సరకుగా మలచుటకు యత్నించిరి.