కనబడని గరిటె

1980 వేసవి గురించి డాలస్ ప్రాంతపు పాతకాపులు ఇంకా చెబుతూనే ఉంటారు. జూన్ 23 నుంచి ఆగస్టు 3 దాకా వరసగా 42 రోజులు పగటి ఎండ 100 ఫారన్‌హీటుకు తగ్గలేదు. జూన్ 26, 27 తేదీల్లో 113 తాకింది. ఆ ఏడు దేశం మొత్తం మీద వడదెబ్బకు పోయినవాళ్ళు వెయ్యికి పైమాటే. కాబట్టి ప్లేనోలో ఏ.సి.ని విలాసమనే వాళ్ళతో మేము ఏకీభవించలేం.

ఇంటి వెనక రొద పెట్టే పెట్టె ఉంది చూశారూ, అదొక హీట్ ఎక్స్‌ఛేంజర్. ఇంట్లోంచి మోసుకొచ్చిన వేడిని బయటి గాలికి అప్పజెప్పడం దాని పని. ఆ పని ఎంత చురుగ్గా సాగితే కరెంటు బిల్లు అంత దిగుతుంది. ఆ చురుకు కోసం విద్యుత్ క్షేత్రాన్ని పిలిచినవాళ్ళ కథ ఇది.

పాలు అడుగంటకుండా గరిటెతో కలుపుతాం కదా. గొట్టంలోనూ అదే చిక్కు. గోడనంటుకున్న పల్చని ద్రవపు పొర సరిగా కదలదు, వేడికి అదే అడ్డం. గొట్టం మధ్య సన్నని తీగ బిగించి వేల వోల్టులిస్తే, కరెంటును దాదాపు పారనివ్వని ద్రవంలో కూడా కదలిక పుడుతుంది, పొర చెదురుతుంది. వోల్టులు వేలైనా పారే కరెంటు అత్యల్పం కనుక ఖర్చు తక్కువే. ఆవిరి ద్రవమయ్యే చోటనైతే గొట్టం మీద పట్టిన తడిని క్షేత్రం లాగేసి, లోహాన్ని మళ్ళీ ఆవిరికి బయటపెడుతుంది.

ఈ ఊహ పాతదే. 1709లోనే ఇంగ్లండులో హాక్స్‌బీ, రుద్దిన గాజు గొట్టం ముఖానికి దగ్గరగా పెడితే చిరుగాలి తగిలినట్టుందని రాశాడు. 1916లో చబ్ దీన్ని ద్రవాలు వేడిచేయడానికి వాడవచ్చని బ్రిటిష్ పేటెంటు పొందాడు. 1931లో జర్మనీలో సెన్‌ఫ్ట్‌లేబెన్ వాయువుల్లో ఆ ప్రభావాన్ని పరీక్షించాడు. 1960లలో ఒహాయోలో వెల్కాఫ్, 1976లో జపాన్‌లో అసకావా దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. 1990లలో మన టెక్సాస్‌లోనే, ఇక్కడికి మూడు గంటల పైచిలుకు కారు ప్రయాణంలో ఉన్న టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో, జమాల్ సయ్యద్ యాగూబీ బృందం దీని మీద పనిచేసింది.

మరి మన పెరట్లోకి ఎందుకు రాలేదు? పనిచేయక కాదు. మూసిన గొట్టంలోకి వేల వోల్టుల తీగ దింపాలి, అది ఏళ్ళ తరబడి చెడకూడదు, బాగుచేసే మనిషికి షాకు కొట్టకూడదు. ఈలోగా, 1970ల చివర, జపాన్‌వారు రాగి గొట్టం లోపలివైపు సన్నని గాళ్ళు చెక్కడం మొదలెట్టారు. వాటికి కరెంటూ అక్కర్లేదు, భయమూ లేదు. మా దృష్టిలో వందేళ్ళ ఊహను ఓడించింది ఆ గాళ్ళే.

అయితే పైకీ కిందికీ తేడా లేని చోట ఈ గరిటెకు గిరాకీ ఉంది. 2017 ఫిబ్రవరిలో నాసా గాడర్డ్ కేంద్రం, యాగూబీ కలిసి సిద్ధం చేసిన పంపు ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళింది. తిరిగే భాగమేదీ అందులో లేదు. ద్రవాన్ని నడిపేది విద్యుత్ క్షేత్రమే.

మా పెరటి పెట్టెలో మాత్రం ఫ్యానే తిరుగుతోంది. మొన్న దాని మోటారు మార్చాల్సి వచ్చింది.