మందుకు లొంగని క్షయ: తొలి పాఠాలు

క్షయకు గట్టిగా పనిచేసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దాన్ని వేరుచేశాడు. మందుకు లొంగని క్షయ చరిత్ర మొదలయ్యేది కూడా ఇక్కడే. 1947లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 107 మంది రోగులతో ఒక పరీక్ష మొదలుపెట్టింది. 55 మందికి మందు ఇచ్చారు, 52 మందికి మంచం మీద విశ్రాంతే చికిత్స. ఆరు నెలలకు మొదటి జట్టులో నలుగురు, రెండో జట్టులో 14 మంది చనిపోయారు. అయిదేళ్లకు మరణాల లెక్క 32, 35. అంత ఆశ పెట్టుకున్న మందు ఇచ్చిన మేలు దాదాపు కరిగిపోయింది.

కారణం కఫం పరీక్షల్లో ముందే బయటపడింది. పాడైన ఊపిరితిత్తిలో కోట్లకొద్దీ క్షయ క్రిములుంటాయి. వాటిలో కొన్నిటికి, మందు తగలకముందే, జన్యుమార్పు వల్ల దాన్ని తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది. ఒకే మందు ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఇవి మాత్రం బతికి పెరుగుతాయి. రెండు మందులను ఒకేసారి తట్టుకునే క్రిమి చాలా అరుదు. స్వీడన్‌లో యోర్గెన్ లేమన్ రూపొందించిన పాస్ అనే మందును స్ట్రెప్టోమైసిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఇది రుజువైంది. క్షయకు ఒక్క మందే ఇవ్వకూడదన్న నియమం అలా పుట్టింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కూడా ఆ నియమం మారలేదు.

అప్పటికి భారతదేశంలో క్షయ వైద్యమంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి వాటిలో పేరుమోసింది. కానీ రోగులు లక్షల్లో ఉన్నారు, పడకలు చాలా తక్కువ. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఐసోనియాజిడ్, పాస్‌లను ఏడాదిపాటు వాడించి ఇంటి వైద్యాన్ని శానిటోరియం వైద్యంతో పోల్చి చూసింది. పేద ఇళ్లలో, ఇరుకు గదుల్లో ఉన్నవారికీ ఫలితాలు ఇంచుమించు అంతే బాగున్నాయి. ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు సోకలేదని కూడా తేలింది. పేదరోగికి ఇంతటి మేలు చేసిన పరిశోధనలు అరుదు.

అయితే మాత్రలు చేతికిచ్చినంత మాత్రాన మింగినట్టు కాదు. మూత్ర పరీక్షల్లో, ఆకస్మిక తనిఖీల్లో ఆ సంగతి తెలిసింది. ఒంట్లో నలతగా అనిపించక, కూలి పోతుందని, వికారం తట్టుకోలేక రోగులు మధ్యలో మానేస్తారు. మందును తట్టుకునే క్రిములకు అలా మళ్లీ అవకాశం దొరుకుతుంది. మానేయడాన్ని రోగి నేరంగా చూడడం అన్యాయం. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో మద్రాసు బృందం, వారానికి రెండుసార్లు ఎవరో ఒకరి కళ్లముందే మందు ఇచ్చే పద్ధతిని 1960లలో పరీక్షించింది. పర్యవేక్షణలో మందు మింగించే డాట్స్ పద్ధతికి మూలాల్లో ఇదొకటి.

రిఫాంపిసిన్ రాకతో చికిత్స ఆరు నెలలకు తగ్గింది. దానికీ ఐసోనియాజిడ్‌కూ కలిపి లొంగని రకాన్నే ఎండీఆర్ క్షయ అంటారు. భారత్‌లో దానికి ప్రత్యేక చికిత్స 2007లో మొదలైంది. అప్పట్లో అది దాదాపు రెండేళ్ల కోర్సు. అందులోని ఇంజెక్షన్లతో కొందరికి వినికిడి కూడా పోయేది. బెడాక్విలిన్‌తో కూడిన నాలుగు మందుల ఆరు నెలల నోటి చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. 2024లో భారత్ దాన్ని ఆమోదించింది.