మాంగో శబ్దవిచారము

మన పాఠశాలలలో మాంగో యను నాంగ్లపదమునకు మామిడిపండని యర్థము చెప్పుచున్నాము. ఇది తప్పు గాదు, కాని చాలదు. ఆ పదము పుట్టుకచేతఁ గాయను దెలుపునదే కాని పండును దెలుపునది కాదు. ఆంగ్లదేశమునఁ గొంతకాలము దానికిఁ గలిగిన యర్థములును కాయను బట్టియే కలిగినవి. నూజివీటి మామిడితోఁటల నడుమ నున్న మా చాట్రాయి ప్రాంతమువారికి సయితము ఈ చరిత్రము తెలియఁదగినది.

సంస్కృతమున నామ్రశబ్దము కలదు. అది ప్రాకృతమున అంబ యై, హిందీలో ఆమ్ అనియు, మరాఠీలో ఆంబా యనియు నిలిచినది. ఆంగ్లపద మీ వంశములోనిది కాదు. అఱవమున 'మా' యనఁగా మామిడిచెట్టు. దానికిఁ గాయ్ చేరఁగా మాఙ్కాయ్ అయ్యెను. మలయాళమునఁ బరకకారము అనునాసికముగా మాఱి మాఙ్ఙ యయ్యెను. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరిన పిదపఁ బోర్చుగీసువారు కేరళతీరమున నీ పదమును విని మంగ యనిరి. 1563లో గోవాలో ముద్రితమైన గార్సియా ద ఓర్తా గ్రంథమున నీ ఫలప్రసక్తి కలదు. 16వ శతాబ్ది తుదిభాగమున నాంగ్లేయులు దీనిని గ్రహించిరి. మలయభాషలోని మంగ్గ ద్వారమున వచ్చినదని చెప్పువారును గలరు. ఏ త్రోవను వచ్చినను మూల మొక్కటియే. 1753లో లిన్నేయసు ఈ వృక్షమునకు మాంగిఫెరా ఇండికా యని పేరిడెను. అనఁగా 'మంగలను గాచు భారతవృక్షము'. ద్రావిడపదమును లాటిను ధాతువును గూడిన మిశ్రసమాస మిది.

ఈ 'మా' మనకుఁ గ్రొత్తది కాదు. తెలుఁగు మావి, మామిడి, కన్నడపు మావు దాని బంధువులే. మన యిండ్లలోని మాగాయయు నట్టిదేయని నా యభిప్రాయము. మాగు క్రియనుండి వచ్చెనన రాదా యందురేని, ఊరు ధాతువునుండి యూరఁగాయ పుట్టినరీతిని, మాగునుండి మాగఁగాయ కావలసియుండును. మఱియు మాగాయకు మాగిన పండు పనికిరాదు. పచ్చికాయనే చెక్కుదీసి ముక్కలుగాఁ దఱిగి యుప్పులో నూరవేసి యెండఁబెట్టుదురు. కావున మా, కాయ యను రెండు పదములు గూడి, కకారము సరళమై, మాగాయ యైన దనుట యుక్తము. ఆంగ్లేయుల మాంగోయు మన మాగాయయు సోదరశబ్దములు.

ఇంక నర్థవిచారము. ఆఫ్రికాను జుట్టివచ్చు నోడలకు నెలల తరబడి ప్రయాణము. పండు నిలువదు, పుల్లనీటిలో నూరవేసిన పచ్చికాయ జాడీలలో నిలుచును. 17వ శతాబ్దపు టాంగ్లేయులలోఁ బెక్కురు కాంచిన మాంగో యీ యూరఁగాయయే. అందుచేత నా పేరు ఫలమును విడిచి పాకవిధానమును బట్టుకొనెను. 1699లో జాన్ ఎవెలిన్ రచించిన అసెటేరియా యను గ్రంథమున దోసకాయలతోఁ జేయు మాంగో చెప్పఁబడినది. కాయను జీల్చి, గింజలు తీసి, వెల్లుల్లి పెట్టి, జాడీలోఁ బుల్లనీటితో నూరవేయుట దాని విధము. తరువాత నా పదము క్రియయు నయ్యెను; ఏ కాయ నట్లూరవేసినను 'మాంగో చేయుట' యే. అమెరికాలోని ఒహాయో, పెన్సిల్వేనియా మొదలగు సీమలలో లోపల దినుసులు గూరి యూరవేసిన బుట్టమిరపకాయకు నీ పేరు గలిగెను. పిదప పచ్చి బుట్టమిరపకాయకే 20వ శతాబ్దమున సయితము మాంగో యను వ్యవహార ముండెను.

ఇది లక్షణావృత్తి. మనకును దీనికిఁ బోలిక గలదు. ఆవకాయ యనుపదమున మామిడి లేదు. ఆవపిండియు గాయయు మాత్రమే కలవు. అయినను రూఢిచే నది మామిడిదే. దోసకాయతోఁ జేసినచో దోసావకాయ యని విశేషణము చేర్చవలెను. ఎవెలిన్ చెప్పిన దోసమాంగో సరిగా నిట్టిదే. మనకుఁ బాకము పేరు ఫలమునకు రూఢమయ్యెను. వారికి ఫలము పేరు పాకమునకు రూఢమయ్యెను.

ఈ విచారమువలనఁ బ్రయోజన మేమనఁగా, నేఁడు మాంగో యనుపదము పానీయపు సీసాలమీఁదను బాలుర నోటను దిరిగి మన యింటికి వచ్చినది. పిందె, కాయ, దోరకాయ, పండు అను భేదముల నన్నిటిని నది మ్రింగుచున్నది. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, సువర్ణరేఖ మొదలగు పేళ్లకును ఆ గతియే పట్టవచ్చును. పండితులమైన మనమును వేఱొక తప్పు చేయరాదు. రైతు రసాలు అన్నంతనే యమరకోశములోని రసాలశబ్దమును దెచ్చి యతికింపరాదు. ఏకవచనమునఁ జిన్నరసమనియే వ్యవహారము గనుక రసాలు అనునది రసము యొక్క బహువచనమే. సంస్కృతశబ్ద మైనచో బహువచనము రసాలాలు కావలెను.

కావున నిఘంటుకర్తలు మాంగోకు మామిడి యని యొక్కమాట వ్రాసి తృప్తిపడక, కాయార్థమును మూలార్థముగాను, ఊరఁగాయను బూర్వరూఢిగాను, పండును నేఁటి రూఢిగాను వేఱువేఱ నిరూపించుట మేలు. ఉపాధ్యాయులు మామిడి కాపుకాలమునఁ దోఁటలకుఁ బోయి, కాయ దశలకును జాతులకును రైతులు వాడు పేళ్లను, ఏకవచన బహువచన రూపములతో వ్రాసికొని రావలెను. ఆంగ్లేయులు మన తీరమున విన్న యొక్క మాటను నాలుగు శతాబ్దములుగాఁ గాపాడుకొనిరి. మన తోఁటలలోని మాటలను మనమే పోఁగొట్టుకొనుట తగదు.