ప్రొజెస్టిన్ ఎవరికి? ఆస్ట్రేలియా పరిశోధనలు చెప్పే జవాబు

గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్‌ను ప్రొజెస్టిరోన్‌లా పనిచేసే ప్రొజెస్టిన్ హార్మోన్‌తో అణచవచ్చన్న ఆలోచనకు అరవై ఏళ్లు దాటాయి. ఆ పొరను ఈస్ట్రోజన్ పెంచుతుంది, ప్రొజెస్టిరోన్ అదుపులో పెడుతుంది. ముట్లు ఆగిపోయాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. అందుకే స్థూలకాయుల్లో ఈ క్యాన్సర్ ఎక్కువ. 1961లో బోస్టన్ వైద్యులు రీటా కెల్లీ, విలియం బేకర్ వ్యాధి పాకిన 21 మందికి ఈ తరహా హార్మోన్ ఇస్తే ఆరుగురిలో గడ్డలు తగ్గాయి. ఆ ఆశ ఆస్ట్రేలియాలో ఒకసారి వమ్మయింది, మరోసారి ఫలించింది. తేడా మందును ఎవరికి ఇచ్చారన్న దగ్గరే వచ్చిందని నా వాదన.

మొదటిది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ వైద్యులు కలిసి చేసి, 1998లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనం. ఆపరేషన్ అయ్యాక వ్యాధి తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న వెయ్యిమందికి పైగా స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే ప్రొజెస్టిన్ మాత్రలు దీర్ఘకాలం ఇచ్చారు. తిరగబెట్టడం కొంత తగ్గినా ఆయుష్షు పెరగలేదు. తీవ్ర రకం కణాల్లో ఈ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు తరచూ లోపిస్తాయి. అలాంటి వ్యాధికి ఎన్నేళ్లు మాత్రలు మింగినా పెద్ద ఫలితం ఉండదు.

రెండోది బ్రిస్బేన్‌లో ఆండ్రియాస్ ఓబర్‌మైర్ నాయకత్వంలో నడిచి 2021లో వెలువడిన ‘ఫెమ్’ అధ్యయనం. తీసుకున్న 165 మందీ స్థూలకాయులే. కొందరికి క్యాన్సర్‌కు ముందు దశ, మిగిలినవారికి తొలిదశలోని తక్కువ తీవ్రత క్యాన్సర్. అందరికీ గర్భసంచిలో లూప్ వేశారు. టీ ఆకారంలో ఉండే ఆ చిన్న పరికరంలో 52 మిల్లీగ్రాముల లీవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉంటుంది. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున నేరుగా ఆ పొరకే అందుతుంది. ఆరు నెలలకు ముక్క పరీక్ష చేస్తే, ముందు దశలో ఉన్నవారిలో సుమారు 82 శాతం, క్యాన్సర్ ఉన్నవారిలో 43 శాతం మందికి వ్యాధి కనిపించలేదు. కొందరికి అదనంగా మధుమేహ మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చినందువల్ల స్పష్టమైన మేలు మాత్రం తేలలేదు.

43 శాతమంటే క్యాన్సర్ ఉన్నవారిలో సగానికి పైగా స్త్రీలకు వ్యాధి మిగిలే ఉందిగా, ఆపరేషన్‌తో తీరేదాన్ని ఎందుకు సాగదీయాలి అని అడగవచ్చు. ఆ ఆపరేషన్‌లో కోత తగ్గించే మార్గం కూడా ఓబర్‌మైర్ బృందమే చూపింది. 760 మందితో చేసిన ‘లేస్’ అధ్యయనంలో, లాప్రోస్కోపీతో గర్భసంచి తీసినా పొట్ట కోసి తీసినంత ఫలితమే ఉంటుందని 2017లో నిరూపించింది. ఆపరేషన్‌ను తట్టుకోగలిగి, పిల్లలు అక్కర్లేని స్త్రీకి నేటికీ అదే సరైన దారి. కానీ విపరీతమైన బరువు వల్ల మత్తుమందే ప్రాణాంతకమయ్యే స్త్రీ, ఇంకా తల్లి కావాలనుకునే స్త్రీ ఆ లెక్కలోకి రారు. పైగా లూప్ వేసినంత మాత్రాన ఆపరేషన్ దారి మూసుకుపోదు. కొన్ని నెలలకోసారి ముక్క పరీక్ష చేస్తూ, వ్యాధి తగ్గకపోతే ఆపరేషన్‌కు మళ్లవచ్చు. ఆ పరీక్షలకు రాలేని మనిషికి ఈ చికిత్స మొదలుపెట్టడమే తప్పు. గర్భసంచి తీసేయాలన్న మాట వినగానే తలూపే మన ఇళ్లలోనూ ముందు తేల్చుకోవాల్సినవి ఇవే: వ్యాధి ఏ దశలో ఉంది, ఎంత తీవ్రమైనది, పిల్లలు కావాలా, ఒళ్లు ఆపరేషన్‌ను తట్టుకుంటుందా. ఇవి తేలాకే లూపా, కోతా అన్న నిర్ణయం న్యాయంగా ఉంటుంది.