రిజిస్టరులో మన పేరు: గోప్యత హక్కుకు మరో చరిత్ర

గోప్యత అనగానే మనవాళ్లు చాలామంది అది సెల్‌ఫోన్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నోళ్ల గొడవ అనుకుంటారు. తలుపు సరిగా లేని ఇంట్లో రహస్యం ఏముంటుందని అడుగుతారు. అలా అడగడంలో తప్పు లేదు. ఎందుకంటే ఈ హక్కు గురించి రాసేవాళ్లు చరిత్రను 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు రాసిన వ్యాసంతో మొదలుపెడతారు. పెద్దిళ్ల సంగతులు పత్రికలకెక్కుతున్నాయన్న బాధలోంచి వచ్చిన వ్యాసం అది. మన చరిత్ర అక్కడ మొదలు కాలేదు. పోలీస్ స్టేషన్ రిజిస్టరు దగ్గర మొదలైంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదికే ఉన్న ఈ చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లదని కోర్టుకు పోయే దారి కూడా లేదు. మనిషి ఏ నేరమూ చెయ్యనక్కర్లేదు. పుట్టుకే నేరం. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, వేళకు హాజరు చెప్పుకోవాలి, ఊరు మారితే తెలియజెయ్యాలి. తమిళనాట జనం దీన్ని ‘కైరేగై చట్టం’ అన్నారు, అంటే చేతిరేఖల చట్టం. బయోమెట్రిక్ అనే మాట పుట్టకముందే దాని సంగతి ఆ జనానికి తెలుసు.

మన ప్రాంతంలో దీని కింద నలిగినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య వ్యాపారం చేసినవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, వాళ్ల బతుకు పోయింది. బతుకు పోగొట్టిన ప్రభుత్వమే వాళ్లను దొంగలన్నది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో, కావలి బాప్టిస్టు మిషన్ చేతుల్లో సెటిల్‌మెంట్లయ్యాయి. ఊరి పేరు చెబితే చాలు, ఎదుటివాడి చూపు మారిపోయే స్థితి అప్పటి నుంచి వచ్చిందే.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫారసు తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కానీ రిజిస్టరు పోలేదు. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. అట్ట మారింది, లోపలి పేర్లు మారలేదు.

రాజ్యాంగం రాసేటప్పుడే ఈ విషయం తేలిపోవాల్సింది. 1947 మార్చిలో అంబేడ్కర్ ఇచ్చిన ముసాయిదాలో మనిషి ఒళ్లు, ఇల్లు, కాగితాలు అన్యాయమైన సోదాల నుంచి భద్రంగా ఉండాలని ఉంది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్లు అభ్యంతరం చెప్పారు, అది పోయింది. 1948 డిసెంబరులో కాజీ సయ్యద్ కరీముద్దీన్ ఇలాంటి సవరణే పెడితే, ఇది పనికొచ్చేదే, ఒప్పుకుంటానన్నాడు అంబేడ్కర్. సభ ఒప్పుకోలేదు.

ఆ లోటు ఖరక్‌సింగ్ కేసులో బయటపడింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేసిన మనిషి అతను. అయినా హిస్టరీ షీటు తెరిచారు. రాత్రుళ్లు తలుపు కొట్టేవాళ్లు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇంటికి రావడం ఒక్కటే తప్పంది. మిగతా నిఘా సరేనంది, గోప్యత రాజ్యాంగ హక్కు కాదంది. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, జె.సి. షా మాత్రం ఒప్పుకోలేదు. గోప్యత లేకుండా స్వేచ్ఛ ఏంటని సుబ్బారావు రాశాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఆ మాటే నిజమన్నారు. అంటే ఈ దేశంలో గోప్యత హక్కు హిస్టరీ షీటులోంచి పుట్టింది. ఈ మాట మనం గట్టిగా చెప్పాలి.

మరి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ చరిత్రను గుర్తుపెట్టుకుందా? శ్రీకృష్ణ కమిటీ 2018 ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ కులం, తెగ వివరాలను సున్నితమైన సమాచారంగా గుర్తించి ఎక్కువ రక్షణ పెట్టారు. 2023 చట్టంలో ఆ వర్గమే ఎత్తేశారు. నేరాల నివారణ, దర్యాప్తు పేరుతో పోలీసులకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. ఏ ప్రభుత్వ సంస్థనైనా కేంద్రం మొత్తంగానే మినహాయించొచ్చు. కంపెనీ తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు గానీ అది ఖజానాకు పోతుంది. నష్టపోయినవాడికి పైసా రాదు. పైగా ఫిర్యాదు పసలేనిదని తేలితే ఫిర్యాదుదారుకే 10 వేల దాకా జరిమానా. ఇంకోపక్క 2022 నాటి గుర్తింపు చట్టం కింద అరెస్టయినవాళ్ల కొలతలు, వేలిముద్రలు, కంటిపాపలు 75 ఏళ్లు దాచొచ్చు. హిస్టరీ షీట్లలో ఎస్సీ, ఎస్టీ, విముక్త జాతుల వాళ్ల పేర్లు యాంత్రికంగా ఎక్కించకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని అదే ఏడాది అక్టోబరు 3న చెప్పింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంటర్ చదివిన కాలేజీలో స్కాలర్‌షిప్పుల లిస్టు నోటీసు బోర్డుకు అంటించేవాళ్లు. పేరు, తండ్రి పేరు, పక్కనే కులం. ఆ మధ్యాహ్నం నుంచి నా పక్కన కూచునే పిల్లోడు ఇంకో బెంచీకి మారాడు. మా అమ్మకు చెబితే, ‘‘డబ్బులొచ్చినయ్యా లేదా’’ అనడిగింది. వచ్చినయ్యి. డబ్బులు రావడానికి నా కులం ఆఫీసుకు తెలియాలి. బోర్డుకు తెలియాల్సిన పనిలేదు. ఈ తేడాయే నేను చెప్పేది.

కులం దాచుకోవడం మన కోరిక కాదు. లెక్కించమనే అడిగాం. 2024 చివర్లో తెలంగాణ సర్వే చేసింది. తర్వాతి జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించింది. లెక్క వేరు, గుర్తు వెయ్యడం వేరు. 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఒక మనిషి ఇచ్చిన వివరాలు ఇంకొకరు చూడకూడదు, అతని మీద సాక్ష్యంగా వాడకూడదు. రాష్ట్రాలు చేసే సర్వేలు ఆ చట్టం కింద జరగవు. ఆ రక్షణ వాటికీ కావాలి.

అట్లాగని గోప్యత పేరుతో పెద్దోళ్ల లెక్కలు దాస్తే ఊరుకోకూడదు. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సోషల్ ఆడిట్లలో మస్టర్లు ఊరి మధ్య చదివి వినిపించారు. చెయ్యని పనికి ఎవరి పేరు రాశారో, ఎవరి కూలి ఎవరు తిన్నారో అలాగే తేలింది. డేటా చట్టం పేరుతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చారు. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వననొచ్చు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే 8(2) మిగిలే ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ ప్రయోజనాన్ని తూచేది ఆఫీసరే.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కులం, తెగ వివరాలకు ప్రత్యేక రక్షణ మళ్లీ చట్టంలో పెట్టాలి. హిస్టరీ షీటు తెరిస్తే ఆ మనిషికి చెప్పాలి, దానికి గడువుండాలి, పేరు కొట్టెయ్యమని అడిగే హక్కుండాలి. పోలీసులకు గంపగుత్త మినహాయింపు పోవాలి. నష్టపోయినవాళ్లకు పరిహారం రావాలి. సమాచార హక్కులో పాత సెక్షను తిరిగి రావాలి. పాలకుల కాగితాలు మనకు తెరిచి ఉండాలి, మన కాగితాలు పాలకుల చేతుల్లో ఆయుధాలు కాకూడదు. 1871 నుంచి జరిగింది దీనికి తలకిందులు.